గుట్టు ఎవరి సొత్తు

ఒక మనిషికి తప్ప మరెవరికీ తెలియని విషయం ఆ మనిషి సొత్తు అవుతుందా, లేక అతని చేతిలో ఉన్న నిక్షేపం మాత్రమే అవుతుందా అన్నది ఉపనిషత్తులూ ధర్మశాస్త్రాలూ వేరువేరు సందర్భాల్లో తడిమిన ప్రశ్న. సొత్తే అయితే దాన్ని దాచుకోవడం, పంచుకోవడం, తనతోపాటే పోనివ్వడం అన్నీ అతని ఇష్టం. నిక్షేపం అయితే, అంటే ఇతరుల కోసం ఒకరు భద్రపరిచి ఉంచే వస్తువు అయితే, దాన్ని పరాయి చేతిలో పడనివ్వడం ఎంత తప్పో, చేరవలసినవారికి చేరకుండా చేయడమూ అంతే తప్పు. బ్యాంకు ఖాతాకూ, భవిష్యనిధికీ, ఫోనుకూ, ఈమెయిలుకూ పాస్‌వర్డే తాళమైన ఈ కాలంలో ఆ పాత ప్రశ్న పండితుల చర్చలో నుంచి మామూలు సంసారాల్లోకి దిగివచ్చింది. పాస్‌వర్డును భద్రంగా ఉంచుకోవడమంటే ఎవరికీ చెప్పకపోవడమేనన్న సలహా సరైనదే గాని, అది ధర్మంలో సగం మాత్రమే అన్నది ఈ వ్యాసం చేసే ప్రతిపాదన.

ఈ ప్రశ్నను పరిశీలించడానికి బసంత్‌నగర్ పరిసరాలు అనువైన చోటు. పెద్దపల్లి జిల్లాలో రాజీవ్ రహదారి మీద, గోదావరిఖనికి చేరువలో ఉన్న ఈ ఊరు 1969లో మొదలైన కేశోరాం సిమెంటు కర్మాగారం చుట్టూ పెరిగింది, బసంత్ కుమార్ బిర్లా పేరే ఊరి పేరైంది. ఆ కర్మాగారం 2025లో అల్ట్రాటెక్ సంస్థ చేతికి వెళ్లింది. చుట్టుపక్కల రామగుండం, గోదావరిఖని అంతటా సింగరేణి బొగ్గు గనులు, ఎన్టీపీసీ విద్యుత్ కేంద్రం, ఎరువుల కర్మాగారం విస్తరించి ఉన్నాయి. ఈ ప్రాంతంలో సిమెంటు కార్మికుడి భవిష్యనిధి ఈపీఎఫ్‌వో దగ్గర ఉంటుంది. దానికి యూఏఎన్ అనే సంఖ్య, ఆ సంఖ్యకు ఒక పాస్‌వర్డు ఉంటాయి. అతని పొరుగున ఉండే గని కార్మికుడి నిధి మాత్రం 1948 నాటి చట్టం కింద ఏర్పడిన బొగ్గు గనుల భవిష్యనిధి సంస్థ దగ్గర ఉంటుంది, దాని సంఖ్య వేరు, కార్యాలయం వేరు, కాగితాలు వేరు. బదిలీ అయినా, పదవీ విరమణ పొందినా, మరణించినా ఇంటివారు ఏ తలుపు తట్టాలో తెలియాలంటే ముందు ఆ తలుపు ఒకటుందని తెలియాలి. ఆ తెలివిడి సాధారణంగా ఇంటి యజమాని బుర్రలోనూ, మీసేవ కేంద్రంలో ముద్రించి ఇచ్చిన ఒక కాగితం వెనుక బాల్‌పెన్నుతో రాసిన నాలుగు అక్షరాల్లోనూ ఉంటుంది. ఆ అక్షరాలు చాలాసార్లు కార్మికుడు ఎంచుకున్నవి కావు. కేంద్రంలో కూర్చున్న కుర్రవాడు తనకు తోచిన పాస్‌వర్డు పెట్టి, తొందరలో తన ఫోను నంబరే నమోదు చేసి పంపించినవి. ఇక్కడ గుట్టు ఒకేసారి రెండు విధాలుగా చెడింది. తెలియకూడని వానికి తెలిసింది, తెలియవలసిన భార్యకు తెలియలేదు.

గుట్టు విషయంలో బొగ్గు గని తన సొంత అనుభవంతో నేర్చుకున్న నియమం ఒకటి ఉంది, దాన్ని ఇక్కడ గుర్తు చేసుకోవడం ఉపయోగకరం. భూగర్భ గనిలోకి దిగే కార్మికుడు ముందు హాజరు వేయించుకుని, లాంప్ రూంలో తన పేరు మీద ఉన్న దీపం తీసుకుని, దాన్ని టోపీకి తగిలించుకుని దిగుతాడు. షిఫ్టు ముగిసి పైకి వచ్చాక దాన్ని తిరిగి అప్పగిస్తాడు. ఒక దీపం తిరిగి రాలేదంటే ఒక మనిషి ఇంకా లోపలే ఉన్నాడని అర్థం. గోదావరిఖని ఏడో నంబరు ఎల్‌ఈపీ గనిని 2003 జూన్ 16న నీరు ముంచెత్తి 17 మంది కార్మికులు ప్రాణాలు కోల్పోయారు. అటువంటి ఘడియలో లోపల ఎవరున్నారన్న లెక్క లోపలివారి దగ్గరే ఉంటే అది ఎవరికీ పనికిరాదు. ఆపద వచ్చినప్పుడు అవసరమయ్యే సమాచారం ఆపదలో చిక్కుకునే మనిషి దగ్గర మాత్రమే ఉండరాదన్నది ఆ ఏర్పాటులోని తర్కం. ఈ ప్రాంతపు ఇళ్లు ఆ తర్కాన్ని గని గేటు దగ్గరే వదిలేసి, ఇంటి లెక్కలన్నీ గనిలోకి దిగే మనిషి జ్ఞాపకంలోనే ఉంచడం గమనించవలసిన విషయం.

పాస్‌వర్డు అంటే ఏమిటో కొంత నిదానంగా చూడాలి. పాస్‌వర్డు అడిగే కంప్యూటరుకు మనిషి ముఖం తెలియదు, గొంతు తెలియదు, ముందే ఒప్పుకున్న ఒక మాట తెలిసినవాడే యజమాని అని అది తీర్మానించుకుంటుంది. 1960ల ఆరంభంలో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో ఒకే యంత్రాన్ని పలువురు పంచుకోవలసి వచ్చినప్పుడు, ఒకరి పత్రాలు మరొకరి కంట పడకుండా ఫెర్నాండో కార్బటో బృందం ఈ పద్ధతిని ప్రవేశపెట్టింది. ఆ కార్బటోయే తన వృద్ధాప్యంలో, పాస్‌వర్డుల బెడద భరించరానిదైందని ఒప్పుకుని, తనవి కాగితాల మీద రాసి పెట్టుకుంటున్నట్టు చెప్పారు. మొదట్లో యంత్రం ఆ మాటలను ఉన్నవున్నట్టుగానే దాచేది కనుక, ఆ జాబితా ఎవరి చేతికైనా చిక్కితే అందరి గుట్టూ రట్టయ్యేది. 1979లో రాబర్ట్ మోరిస్, కెన్ థాంప్సన్ ప్రచురించిన పరిశోధన పత్రం మరో మార్గాన్ని వివరించింది. మాటను దాచకుండా, దాన్ని వెనక్కి తిప్పలేని గణిత ప్రక్రియలో వేసి వచ్చిన ఫలితాన్ని మాత్రమే దాచాలి, మనిషి మళ్లీ ఆ మాట చెప్పినప్పుడు అదే ప్రక్రియ చేసి ఫలితాలు సరిపోయాయా లేదా చూడాలి. ఈ విధానాన్ని హ్యాషింగ్ అంటారు. అంటే మంచి వ్యవస్థలో గుర్తుపట్టేవానికి కూడా గుట్టు తెలియదు, కాని గుట్టు తెలిసినవాడెవరో తెలుస్తుంది. బ్యాంకు ఉద్యోగినని చెప్పుకుంటూ పాస్‌వర్డు అడిగేవాడు తప్పనిసరిగా మోసగాడేనని చెప్పడానికి ఇంతకంటే వేరే రుజువు అక్కరలేదు, ఎందుకంటే దాన్ని తెలుసుకోవలసిన అవసరం అసలు బ్యాంకుకే లేదు.

గుర్తుపట్టడం అన్న సమస్యను భారతీయ సాహిత్యంలో సుందరకాండ ఆలోచించినంత లోతుగా ఆలోచించిన గ్రంథం అరుదు. తెలుగు ఇళ్లలో ఆపద వేళ పారాయణ చేసే ఆ కాండలో, భక్తి మూలంగా పాఠకుడి దృష్టి దాటిపోయే ఒక తర్కం ఉంది. వాల్మీకి కథనంలో అశోకవనంలో హనుమంతుడు తాను రామదూతనని చెప్పుకున్నప్పుడు సీత వెంటనే నమ్మదు. సన్యాసి వేషంలో వచ్చి తనను అపహరించిన రావణుడే మళ్లీ మరో రూపంలో వచ్చాడేమోనని శంకిస్తుంది. ఆ శంకను కవి ఆమె లోపంగా చూపలేదు, ఆమె వివేకంగా చూపాడు. ఒకసారి వేషానికి మోసపోయిన మనిషి రెండోసారి మాట తీరును చూసి కాక రుజువును చూసి నమ్మాలని ఆమె నిశ్చయించుకుంది. రాముడి దేహలక్షణాలు, లక్ష్మణుడి దేహలక్షణాలు వర్ణించమని అడుగుతుంది. హనుమంతుడు వాటిని విస్తారంగా చెబుతాడు. ఆ తరువాతనే రాముడి పేరున్న ఉంగరాన్ని ఆమె చేతికి ఇస్తాడు.

తిరుగు ప్రయాణంలో అదే సమస్య ఎదురు దిశలో వస్తుంది. హనుమంతుడు నిజంగా సీతను చూశాడని రాముడు ఎలా నమ్మాలి? సీత చూడామణిని ఇస్తుంది. అయితే ఆభరణం దొంగిలించడానికీ ఊడిపోవడానికీ వీలున్న వస్తువు, దారిలో ఆమె జారవిడిచిన నగలు అంతకుముందే వానరులకు దొరికి ఉన్నాయి కూడా. అందుకే ఆమె ఆభరణంతో ఆగకుండా చిత్రకూటంలో తమ ఇద్దరి మధ్య జరిగిన కాకాసుర వృత్తాంతాన్నీ, రాముడు మణిశిలతో తన చెక్కిలి మీద తిలకం దిద్దిన ముచ్చటనూ గుర్తుగా చెప్పి పంపుతుంది. నేటి భద్రతా శాస్త్రం ఒక మనిషిని గుర్తించే ఆధారాలను మూడు తెగలుగా విభజిస్తుంది. మనిషి దేహంలో ఉన్నది, అంటే వేలిముద్ర, ముఖం వంటిది, ఒకటి. మనిషి చేతిలో ఉన్నది, అంటే ఫోను, కార్డు వంటిది, రెండోది. మనిషికి మాత్రమే తెలిసినది, అంటే పాస్‌వర్డు, మూడోది. వీటిలో ఏ రెండింటినైనా కలిపి అడగడాన్ని రెండంచెల ధ్రువీకరణ అంటారు. దేహలక్షణ వర్ణన, ఉంగరం, చూడామణి, ఏకాంత వృత్తాంతం అన్నీ సుందరకాండలో ఉన్నాయంటే ప్రాచీనులకు కంప్యూటరు తెలుసునని అర్థం కాదు. అటువంటి వాదం కావ్యాన్ని చిన్నబుచ్చుతుంది. దూరాన ఉన్న మనిషిని నమ్మడం ఎలా అన్న ప్రశ్న మనుషులున్నంత కాలంగా ఉన్నదేనని, ఒక్క ఆధారాన్ని పట్టుకుని నమ్మరాదన్న సమాధానం ఒక మహాకవికి స్పష్టంగా తోచిందని మాత్రమే దానర్థం.

ఈ ఘట్టంలో మరింత ముఖ్యమైన సంగతి ఇంకొకటి ఉంది. కాకాసుర వృత్తాంతం దంపతులిద్దరి ఏకాంతానికి చెందినది. దాన్ని మూడో మనిషికి చెప్పిన క్షణంలో అది ఇద్దరి గుట్టుగా మిగలలేదు. అయినా సీత చెప్పింది, ఎందుకంటే చెప్పకపోతే ఆ గుట్టు కాపాడవలసిన బంధమే నిలవని స్థితి వచ్చింది. ఆమె ముందు దూతను పరీక్షించి, అతడు అర్హుడని తేల్చుకుని, ఆ తరువాతనే చెప్పింది. చెప్పినది కూడా రాముడికి గుర్తు తెలియడానికి అవసరమైనంత మేరకే. గోప్యతా ధర్మం ఇక్కడ మౌనంగా కాక విచక్షణగా కనబడుతుంది. పోలీసు అధికారినని, కొరియరులో మత్తుపదార్థాలు దొరికాయని, డిజిటల్ అరెస్టు చేశామని వీడియో కాల్‌లో బెదిరించేవాడి ముందు విశ్రాంత ఉద్యోగి చేయవలసింది సీత చేసినదే. తనను తాను రుజువు చేసుకోవడానికి తొందరపడకుండా ముందు ఎదుటివాడి రుజువు అడగాలి. ఫోను పెట్టేసి తానే పోలీసు స్టేషనుకు ఫోను చేయాలి. అప్పటికే డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల జాతీయ సహాయ సంఖ్య 1930కి తెలియజేయాలి.

గోప్యత అనగానే తెలుగువారికి స్ఫురించే మరో విషయం మంత్రం. గురువు చెవిలో చెప్పినది పైకి అనకూడదన్న కట్టుబాటుకూ పాస్‌వర్డు గుట్టుకూ పైపై పోలిక కనబడినా రెండింటి స్వభావం వేరు. మంత్రం గోప్యంగా ఉండటం స్వీకరించేవాడి యోగ్యత కోసం. తిరుక్కోట్టియూర్ నంబి వద్ద పొందిన మంత్రార్థాన్ని రామానుజులు గోపురమెక్కి అందరికీ చాటారన్న శ్రీవైష్ణవ సంప్రదాయ కథలో, తాను నరకానికి పోయినా పదిమంది తరిస్తే చాలన్న ఆయన నిర్ణయాన్ని గురువే మెచ్చుకోవడానికి కారణం, పంచినందువల్ల మంత్రానికి తరుగు లేకపోవడం. పాస్‌వర్డు పంచితే తరుగుతుంది, పదిమందికి తెలిస్తే ఉనికే కోల్పోతుంది. ఈ భేదం గుర్తించనందువల్లనే ఎందరో తమ ఇష్టదైవం పేరునూ కొడుకు పుట్టిన సంవత్సరాన్నీ కలిపి పాస్‌వర్డుగా పెట్టుకుంటున్నారు. ఇందులో భక్తి ఉంది గాని భద్రత లేదు. దేవుడి పేరు లోకమంతా పలకడానికి ఉన్నది, దాన్ని గుట్టుగా వాడబోవడం దానికి లేని పనిని దాని నెత్తిన పెట్టడమే. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017లో సవరించిన మార్గదర్శకాలు కూడా, అంకెలూ చిహ్నాలూ బలవంతంగా ఇరికించడం కంటే పొడవు ముఖ్యమని, కారణం లేకుండా నెలనెలా మార్చమని ఒత్తిడి చేయరాదని, ఇప్పటికే బయటపడిన పాస్‌వర్డులను తిరస్కరించాలని చెప్పాయి. ఒకదానితో ఒకటి సంబంధం లేని నాలుగైదు తెలుగు మాటలను వరసగా కూర్చి ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుంటే, అది ఇతరులు ఊహించడానికి కష్టం, సొంత జ్ఞాపకానికి సులువు. ఆ మాటలు పాటలోనో పద్యంలోనో వరసగా వచ్చేవి కాకూడదు.

ఇంతవరకు చెప్పినది కాపాడటం గురించి. అప్పగింత దగ్గరికి వచ్చేసరికి ప్రశ్న కఠినమవుతుంది. బృహదారణ్యకోపనిషత్తు మొదటి అధ్యాయంలో సంప్రత్తి అనే విధి ఉంది. సంప్రత్తి అంటే పూర్తిగా అప్పగించడం. తాను ఈ లోకం విడిచి పోబోతున్నానని తోచిన తండ్రి కొడుకును పిలిచి, తాను అధ్యయనం చేసినదీ, చేయవలసి ఉండి చేయలేకపోయిన యజ్ఞమూ, గెలవవలసి ఉన్న లోకమూ అన్నీ నీవేనని చెబుతాడు, కొడుకు ఔనని స్వీకరిస్తాడు. తండ్రి వదిలేసిన పని ఏదైనా మిగిలి ఉంటే కొడుకు దాన్ని పూరించి తండ్రిని విడిపిస్తాడు. కౌషీతకి ఉపనిషత్తులో ఇదే విధి మరింత వివరంగా, మరింత మానవీయంగా ఉంది. ఇల్లంతా కొత్త గడ్డి పరిపించి, అగ్నిని నిలిపి, పక్కన నీటి పాత్ర పెట్టించుకుని పడుకున్న తండ్రి తన వాక్కును, ప్రాణాన్ని, చూపును, వినికిడిని, చేసిన కర్మలను, సుఖదుఃఖాలను ఒక్కొక్కటిగా పేరు చెప్పి కొడుకులో ఉంచుతానంటాడు. కొడుకు ఒక్కొక్కదాన్నీ స్వీకరిస్తున్నానంటాడు. ఆఖరికి మాట్లాడే ఓపిక లేకపోతే క్లుప్తంగా తన ప్రాణాలన్నిటినీ ఉంచుతానంటే చాలునన్న వెసులుబాటు కూడా ఆ ఋషి ఇచ్చాడు.

ఈ విధిలో అన్నిటికంటే ఆలోచింపజేసేది దాని చివరి నిబంధన. అప్పగింత అయ్యాక ఆ తండ్రి కోలుకుంటే ఏమిటన్న ప్రశ్నను ఉపనిషత్తు దాటవేయలేదు. అతడు కొడుకు ఆధిపత్యం కింద బతకాలి, లేదా ఇల్లు విడిచి సంచారిగా వెళ్లిపోవాలని చెప్పింది. ఇచ్చినది ఇచ్చినట్టే, వెనక్కి తీసుకోవడం లేదు. అధికారాన్ని బతికుండగా పూర్తిగా ఇచ్చేస్తే ఇచ్చినవాడు అస్వతంత్రుడవుతాడన్న నిజాన్ని ఇంత నిర్మొహమాటంగా గుర్తించిన పాఠం మరొకటి దొరకడం కష్టం. విశ్రాంత కార్మికుడు తన పింఛను ఖాతాకు చెందిన ఫోనునూ, యూపీఐ పిన్నునూ, ఏటీఎం కార్డునూ ఒకేసారి కొడుకు చేతిలో పెట్టి, ఆ తరువాత మందులకు కూడా అడిగి తీసుకోవలసిన స్థితికి చేరే ఇళ్లు ఉన్నాయి. అక్కడ కొడుకు దుర్మార్గుడు కానక్కరలేదు, ఏర్పాటే అటువంటిది. చెప్పకుండా పోతే ఇంటివారికి నష్టం, ముందే అన్నీ చెప్పేస్తే తనకు నష్టం. ఉపనిషత్తు సంధించిన ఈ రెండంచుల సమస్యకు పరిష్కారం ఉపనిషత్తులో లేదు, దానికి వ్యవహార ధర్మాన్ని, అంటే లావాదేవీల న్యాయాన్ని ఆశ్రయించాలి. పైగా ఉపనిషత్తు కొడుకును మాత్రమే పేర్కొంది. బొగ్గు ప్రాంతంలో మనిషి పోయాక కార్యాలయాల చుట్టూ కాగితాలు పట్టుకుని తిరిగేది ముందుగా భార్య, కనుక నేటి సంప్రత్తికి మొదటి స్వీకర్త ఆమెయే కావడం న్యాయం.

యాజ్ఞవల్క్య స్మృతి వ్యవహారాధ్యాయం ఇతరుల దగ్గర దాచుకునే వస్తువుల గురించి చెబుతూ ఉపనిధి అన్న ప్రత్యేకమైన తెగను గుర్తించింది. లోపల ఏముందో చెప్పకుండా, పాత్రలోనో పెట్టెలోనో పెట్టి మూసి, నమ్మకస్తుడి చేతికి ఇచ్చేది ఉపనిధి, దాన్ని ఇచ్చినది ఇచ్చినట్టుగానే తిరిగి ఇవ్వాలి. లెక్కపెట్టి చూపించి ఇచ్చే నిక్షేపానికీ దీనికీ వ్యాఖ్యాతలు భేదం చెప్పారు. రాజు వల్లనో దైవం వల్లనో దొంగల వల్లనో అది పోతే దాచినవాడి తప్పు లేదు, అడిగినా ఇవ్వకుండా ఉంచుకున్నప్పుడు పోతే తప్పు అతనిదే, దాన్ని తన ఇష్టానుసారం వాడుకుంటే శిక్షార్హుడు. ఈ స్మృతికి కళ్యాణి చాళుక్యుల కాలంలో విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షర వ్యాఖ్యను ఆధారం చేసుకుని, తిక్కన సమకాలికుడైన కేతన పదమూడో శతాబ్దిలోనే తెలుగులో విజ్ఞానేశ్వరీయం రచించాడు కనుక, ఈ న్యాయ విచారం తెలుగువారికి కొత్తది కాదు. ఈ ప్రాంతంలో తరతరాలుగా పక్కపక్కనే బతుకుతున్న ముస్లిం కుటుంబాలకు ఇదే భావం అమానతు అన్న పేరుతో పరిచితం. మక్కాను విడిచి వెళ్లవలసి వచ్చిన రాత్రి ముహమ్మదు ప్రవక్త, తన దగ్గర జనం దాచుకున్న వస్తువులను ఎవరివి వారికి తిరిగి ఇవ్వడానికి అలీని అక్కడే ఉంచి వెళ్లారని ఇస్లామీయ సంప్రదాయం చెబుతుంది. ప్రాణాపాయంలో కూడా ఇతరుల నిక్షేపాన్ని మరువకపోవడం ఆ కథకు ప్రాణం.

ఉపనిధి చూపే దారి ఏమిటంటే, తెలియజేయడానికీ అప్పగించడానికీ మధ్య మూడో స్థితి ఒకటి ఉంది. స్వీకరించినవాడి దగ్గర వస్తువు ఉంటుంది, దాని మీద అధికారం ఉండదు. పాస్‌వర్డులన్నిటినీ ఒకచోట భద్రపరిచే పాస్‌వర్డ్ మేనేజరు అనే సాధనాన్ని వాడితే, మనిషి గుర్తుంచుకోవలసింది ఒకే ఒక పెద్ద పాస్‌వర్డు, మిగిలినవి ఒక్కొక్కటి వేరుగా, పొడవుగా సాధనమే తయారు చేస్తుంది. ఆ ఒక్క పాస్‌వర్డునూ, ఫోను తెరిచే పిన్నునూ, ఈమెయిలుకు సంబంధించిన అత్యవసర సంకేతాలనూ కాగితం మీద స్ఫుటంగా రాసి, కవరులో పెట్టి అంటించి, అతుకు మీద సంతకం చేసి, బ్యాంకు లాకరులోనో ఇంటి బీరువాలోనో ఉంచి, అది ఉన్న చోటు మాత్రం భార్యకో నమ్మకమైన బంధువుకో చెప్పడం నేటి ఉపనిధి. కవరు చిరిగి ఉంటే తెలుస్తుంది, పాస్‌వర్డు మార్చుకోవచ్చు. కౌషీతకి తండ్రికి లేని వెసులుబాటు ఇదే. సాధనం వాడలేని పెద్దవారు ఒక చిన్న పుస్తకంలో రాసుకుని దాచుకున్నా దోషం లేదు. దూరదేశంలో ఉన్న దొంగకు బీరువాలోని పుస్తకం అందదు, అదే పాస్‌వర్డును పది చోట్ల వాడితే మాత్రం సులువుగా అందుతుంది. 1979లోనే ఆది షమీర్ అనే గణితవేత్త, ఒక రహస్యాన్ని పలువురికి భాగాలుగా పంచి, నిర్ణీత సంఖ్యలో వారు కలిసినప్పుడే అది బయటపడేటట్టు, అంతకంటే తక్కువమంది కలిస్తే ఏమీ తెలియకుండా ఉండేటట్టు ఒక పద్ధతి కనిపెట్టాడు. పాస్‌వర్డును రెండు ముక్కలుగా రాసి ఇద్దరికిస్తే ఆ ఫలితం రాదు. ప్రతి ముక్కా సగం గుట్టును బయటపెడుతుంది, ఒక ముక్క పోతే మొత్తం పోతుంది.

అయితే బ్యాంకు పిన్నులను ఈ కవరులో చేర్చడం సరికాదు. మరణించిన మనిషి ఖాతా నుంచి అతని పిన్నుతో డబ్బు తీయడం వారసత్వం కాదు. ఆ డబ్బు చేరవలసిన దారి వేరు, దానికి కావలసింది గుట్టు కాదు, జాబితా. ఏ బ్యాంకులో ఏ శాఖలో ఖాతా ఉంది, భవిష్యనిధి సంఖ్య ఏది, ఏ బీమా పాలసీలు నడుస్తున్నాయి, బంగారం ఎక్కడ తాకట్టులో ఉంది, ఏ చిట్టీ ఎంతవరకు కట్టారు, ఎవరికి ఇవ్వాలి, ఎవరి నుంచి రావాలి, ప్రతిచోటా నామినీగా ఎవరి పేరుంది అన్నవి ఒక్క కాగితంలో ఉంటే, అందులో పాస్‌వర్డు ఒక్కటి లేకపోయినా ఇల్లు నిలబడుతుంది. 2025 నవంబరు 1 నుంచి బ్యాంకు డిపాజిట్లకు నలుగురి వరకు నామినీలను పేర్కొనే వీలు కలిగింది. బ్యాంకు డిపాజిట్ల విషయంలో నామినీ సొమ్మును స్వీకరించే వ్యక్తి మాత్రమేనని, నామినీ అయినంత మాత్రాన ఆ సొమ్ముకు యజమాని కాడని, అది వారసత్వ చట్టం ప్రకారం హక్కుదారులకు చెందుతుందని సుప్రీంకోర్టు 2010లో స్పష్టం చేసింది. యాజ్ఞవల్క్యుడు ఊహించిన నమ్మకస్తుడి స్థానం ఇదే. పదేళ్లు ఎవరూ అడగని డిపాజిట్లు రిజర్వు బ్యాంకు 2014లో ఏర్పాటు చేసిన నిధికి వెళతాయి. వాటిని వెతుక్కోవడానికి 2023లో ఉద్గమ్ అనే వేదికను ప్రారంభించారు. అంత అవసరం పడిందంటే, ఖాతా ఉన్న సంగతే ఇంట్లో చెప్పకుండా పోయినవారు దేశంలో ఎందరో ఉన్నారని అర్థమవుతుంది. ఈ జాబితా రాయడాన్ని అశుభంగా భావించి వాయిదా వేయడం అర్థం చేసుకోదగ్గదే గాని సమర్థించదగ్గది కాదు. తండ్రి తన మరణాన్ని తానే నోరారా ప్రస్తావించే విధిని వేదంలో భాగంగా నిలుపుకున్న సంప్రదాయానికి ఆ శంక తగదు.

చివరగా మిగిలేది డబ్బుకు సంబంధం లేని గుట్టు. ఫోనులో ఛాయాచిత్రాలుంటాయి, స్నేహితులు రాసిన సందేశాలుంటాయి, ఎవరికీ చూపని రాతలుంటాయి. మరణించిన మనిషి గోప్యతకు హక్కు ఉందా, ఉంటే దాన్ని ఎవరు కాపాడాలి? పిల్లల చిన్ననాటి చిత్రాలు తండ్రి ఫోనులోనే ఉండిపోతే అవి పిల్లలవి కూడా. అదే ఫోనులో ఒక మిత్రుడు తన కష్టం చెప్పుకుని రాసిన సందేశం మాత్రం మరణించినవాడి సొత్తు కాదు, అతని భార్యాబిడ్డలదీ కాదు, ఆ మిత్రుడి నిక్షేపం. కనుక ఫోనును యథాతథంగా వదిలిపెట్టడం కంటే ఏది ఎవరికి చేరాలో బతికుండగానే వేరు చేయడం ధర్మానికి దగ్గరగా ఉంటుంది. గూగుల్ 2013లో ప్రవేశపెట్టిన ఏర్పాటు దీనికి అనుకూలిస్తుంది. ఖాతాదారు మూడు నెలల నుంచి పద్దెనిమిది నెలల వరకు తాను ఎంచుకున్న గడువు మేరకు ఖాతాను వాడకపోతే, ముందుగా పేర్కొన్న వ్యక్తులకు పేర్కొన్న భాగాలు మాత్రమే అందుతాయి, లేదా అతను కోరితే మొత్తం చెరిగిపోతుంది. ఆపిల్ 2021లో తెచ్చిన వారసుల ఏర్పాటులో చిత్రాలు, సందేశాలు అందుతాయి గాని దాచిన పాస్‌వర్డులు అందవు. దశలవారీగా అమలులోకి వస్తున్న 2023 నాటి భారత డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, మరణం తరువాతనో అశక్తత ఏర్పడినప్పుడో తన సమాచారం మీది హక్కులను తన తరఫున వినియోగించడానికి ఒకరిని నామినీగా పేర్కొనే హక్కును పద్నాలుగో సెక్షనులో ఇచ్చింది. చిత్రాలను భార్యకు చేర్చమని, సందేశాలను చెరిపివేయమని ఒకే ఖాతాలో రెండు వేరువేరు ఆదేశాలు ఇవ్వాలనుకునేవారు, చెరపవలసినదాన్ని తామే ముందుగా చెరిపి, ఉంచవలసినదాన్ని వేరే చోట దాచి, ఆ చోటును మాత్రమే కవరులో రాయడం ప్రస్తుతానికి సులువైన మార్గం.